శనివారపు టాకోలు

మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో ఉండే కిరణ్మయి ఒక పాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పని చేస్తుంది. ట్యాంకర్లలోంచి తీసిన పాలను గాజు పళ్లేల్లో పోసి, వెచ్చటి పెట్టెలో ఉంచి, రెండు రోజుల తర్వాత అందులో మొలిచిన చుక్కల్ని లెక్కపెట్టడం ఆమె ఉద్యోగం. చుక్కలు హద్దు దాటితే ఆ బ్యాచ్ ఆగిపోతుంది. వయసు ముప్పై రెండు. గుంటూరులో మైక్రోబయాలజీ చదివి, మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చేసింది. ఒక్కసారి వచ్చిన ఫలితాన్ని నమ్మదు. మూడుసార్లు వస్తే సగం నమ్ముతుంది.

అలాంటి మనిషి రెండున్నరేళ్ల కిందట ఆసుపత్రి కార్ పార్కింగ్‌లో కూర్చుని ఓ మొక్కు మొక్కుకుంది.

అప్పటికి పాప లాస్యకు ఆరు వారాలు. గుండె చప్పుడులో ఏదో తేడా వినబడుతోందని సిటీలోని పిల్లల ఆసుపత్రికి పంపారు. స్కాన్ చేసి, గుండె కింది గదుల మధ్య గోడలో నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం ఉందన్నారు. ఇలాంటివి చాలామంది పిల్లల్లో ఉంటాయి, ఎక్కువ భాగం వాటంతట అవే పూడిపోతాయి, కొన్ని పూడవు, చూద్దాం అన్నాడు డాక్టరు. అన్నీ విని తలూపింది కానీ ఆ చివరి 'చూద్దాం' మాత్రం ఆమెకు మింగుడు పడలేదు. భర్త శ్రీకర్ పార్కింగ్ మెషిన్ దగ్గరికి వెళ్లాడు. వెనక సీట్లో పాప పక్కన కూర్చున్న కిరణ్మయి, అతను తిరిగొచ్చేలోపు, ఆ రంధ్రం పూడేదాకా శనివారాలు నీచు ముట్టనని వెంకన్నకు మాటిచ్చింది. ఎందుకలా అనుకుందో ఆమెకే తెలియదు. చేతిలో చెయ్యగలిగిన పని ఒక్కటీ లేనప్పుడు ఇదైనా తన చేతిలో ఉందనిపించింది.

శ్రీకర్‌కు ఆ రాత్రే చెప్పింది. అతను సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడు, దేవుడి విషయంలో ఎటూ తేల్చడు. "శనివారాలేగా, పర్లేదు" అని ఊరుకున్నాడు.

పర్లేదు అనిపించింది కూడా. చిక్కంతా టాకోల దగ్గరే వచ్చింది.

వాళ్లింటికి పది నిమిషాల దూరంలో, మందుల షాపుకూ టైర్ల షాపుకూ మధ్యన ఓ చిన్న టాకో కొట్టుంది. మెక్సికో నుంచి వచ్చిన ఓ ఆవిడ నడుపుతుంది. అరచేతంత మొక్కజొన్న రొట్టె, దాంట్లో నిప్పు మీద కాల్చిన కోడిమాంసం, పైన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ. కడుపుతో ఉన్నప్పుడు కిరణ్మయికి నోటికి సయించిన తిండి అదొక్కటే. లాస్య పుట్టాక వారానికోసారి బయట తినడమంటే ఇంక అక్కడే. కానీ ఏడాదిన్నర వయసులో పాపను చేర్చిన స్విమ్మింగ్ క్లాసు శనివారం. పూల్ నుంచి వచ్చే దారిలోనే కొట్టు. ఇద్దరికీ కలిసొచ్చే రోజు కూడా అదే.

అందుకని ఆమె బీన్స్ టాకోలకు మారింది. నల్ల చిక్కుడు గింజల్లాంటివి మెత్తగా ఉడికించి, మెదిపి, పోపులో మగ్గించినట్టుండేవి. మొదటిసారి తిన్నప్పుడే ఆశ్చర్యపోయింది. వాళ్లమ్మ చేసే బొబ్బర్ల కూర కూడా ఇంత కమ్మగా ఉండదని శ్రీకర్‌తో అంది. వారమంతా ఆమె తినేది అరకొరే. ఆఫీసులో డబ్బా తెరవడం మర్చిపోతుంది. ఇంట్లో నిలబడే తింటుంది, ఒక కన్ను పాప మీద వేసి. నిద్రలో పాప ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీస్తుందో లెక్కపెట్టే అలవాటు డాక్టరు వద్దన్నా పోలేదు. శనివారం మాత్రం శ్రీకర్ పాపను ఒళ్లో పెట్టుకుని పెరుగన్నం తినిపించేవాడు. కిరణ్మయి కూర్చుని, రెండు చేతులతో, వేడివేడిగా మూడు బీన్స్ టాకోలు తినేది.

ఇలా ఏడాది గడిచింది. సెప్టెంబరు చివర్లో ఓ శనివారం కౌంటర్ దగ్గర కొత్తమ్మాయి కనిపించింది. పేరు రాషిక అని అంగీ మీద రాసుంది. యూనివర్సిటీలో చదువుకుంటూ వీకెండ్లు పని చేస్తుందట. కిరణ్మయి ఎప్పటిలాగే మూడు బీన్స్ చెప్పి, ఆ పిల్ల చికెన్ కూడా వేయమంటారా అని అడిగితే, వద్దు, ఇవాళ శనివారం, నేను వెజ్ అంది.

రాషిక చెయ్యి బిల్లు మెషిన్ మీద ఆగిపోయింది. "అయితే బీన్స్ తినకూడదు ఆంటీ. అందులో లార్డ్ ఉంటుంది."

లార్డ్ అంటే ఏమిటో కిరణ్మయికి తెలుసు. అయినా, ఏంటి అని అడిగింది.

"పంది కొవ్వు. బీన్స్ దాంట్లోనే వేయించేది."

కిరణ్మయి వెనక వరసలో నిలబడ్డ ఓ పెద్దమనిషి ఫోన్ చూసుకుంటూ ముందుకు జరిగాడు. ఆమె పక్కకు తప్పుకుని గోడకానుకుంది. ఏడాదిగా ప్రతి శనివారం. మొక్కు నిలుపుకుంటున్నాననుకుని తిన్న ప్రతి శనివారం.

ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. ల్యాబ్‌లో ఏ శాంపిల్ ఏ గొట్టంలోంచి వచ్చిందో రాసి పెట్టందే ముట్టదు. లాస్యకు బిస్కెట్ కొన్నా వెనకాల అక్షరాలన్నీ చదువుతుంది. ఇక్కడ మాత్రం గిన్నెలో గింజలు కనబడితే వెజ్ అనేసుకుంది. పుట్టి పెరిగిన ఇంట్లో నూనె అంటే నూనే. కూరలో ఏముందని అడుగుతారు గానీ దేంట్లో వేయించారని అడిగే అలవాటే లేదు. పంది కొవ్వులో పోపు పెడతారన్న ఊహ ఆమె తలలోకి రావడానికి దారే లేదు. పైగా ఆ కమ్మదనం ఎక్కడిదో ఇప్పుడర్థమైంది. అది ఇంకా ఒళ్లు మండించింది.

శ్రీకర్ పాపనెత్తుకుని వచ్చి ఏమైందని అడిగాడు. చెప్పింది. అతను ఒక్క క్షణం ఆగి, పోనీలే, తెలియక తిన్నదేగా అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

ఇంతలో వంటగది తలుపు తోసుకుని ఓ పెద్దావిడ బయటికి వచ్చింది. పొట్టిగా, జుట్టు వలలో కట్టుకుని, మోచేతుల దాకా తడి. రాషిక లోపలికి వెళ్లి చెప్పినట్టుంది. ఆవిడ పేరు మాల, రాషికకు మేనత్త, ఫిజీ భారతీయురాలు. ఆ వంటగదిలో పదకొండేళ్లుగా పని చేస్తోంది. ఇన్నాళ్లూ కిటికీలోంచి కిరణ్మయిని చూస్తూనే ఉందట. చికెన్ మానేసిందంటే కొలెస్ట్రాల్ ఏమో అనుకుందట.

"కూర్చో బేటీ" అని హిందీలో అంటూ బలవంతంగా మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి, లోపలికి వెళ్లి తన స్టీలు డబ్బా తెచ్చింది. అది ఆవిడ మధ్యాహ్న భోజనం. మూత తీస్తే ముదురు ఎరుపు రంగులో, సన్నగా చీరిన మాంసంలా ఉంది. కిరణ్మయి చెయ్యి వెనక్కి తీసుకుంది. మాల నవ్వి, తానూ ఇవాళ నీచు తిననని చెప్పింది. ఫిజీలో దక్షిణాది వాళ్లు ఈ నెలను పుర్తాసి అంటారట, వెంకన్న నెల. నెల పొడుగునా నియమం, శనివారాలు మరీను. తర్వాత వేడి రొట్టె మీద ఆ ఎర్రటిది రెండు చెంచాలు పరిచి, ఉల్లిపాయ చల్లి, నిమ్మకాయ పిండి, చేతికిచ్చి, "తిను" అంది, తెలుగులో.

కిరణ్మయి తిన్నది.

ముందు పులుపు తగిలింది, నాలుక పక్కల్ని లాగేంత పులుపు. ఆ తర్వాత వెల్లుల్లి, ఎండుమిరప కారం, కాస్త మాడిన ఉల్లిపాయ తీపి. నమిలితే మెత్తగా, కొంచెం సాగుతూ, నిజంగా మాంసం నమిలినట్టే ఉంది. ఇది తనకు తెలుసనిపించింది. రెండో ముక్క కొరికాక పట్టుకుంది. గోంగూర.

గోంగూరే, దాదాపుగా. ఆ మొక్క పువ్వు రాలిపోయాక అడుగున మిగిలే ఎర్రటి రేకులు. తొమ్మిదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో వాటిని రక్షక పత్రాలు అనేవారు. బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టేవాళ్లు. మెక్సికో వాళ్లు వాటిని ఎండబెట్టి, మరిగించి, పంచదార కలిపి హమైకా అని చల్లటి పానీయం చేస్తారు. కొట్టులో రోజూ ఓ పెద్ద గాజు జాడీ నిండా ఉంటుంది. మరిగించాక మిగిలిన రేకుల్ని చెత్తబుట్టలో వేసేవాళ్లు. మా ఊళ్లో వీటిని వేయించుకుని కూడా తింటామని ఓనరమ్మ ఒకరోజు మాటల్లో అంటే, మాల వాటిని గట్టిగా పిండి, తరిగి, తన పద్ధతిలో మూకుడులో వేసింది. ఆవిడ పుట్టిన లంబాసాలో, చెరుకు తోటల గట్ల మీద ఈ ఆకు పెరిగేదట. వాళ్ల నాయనమ్మ రొయ్యలతో వండేదట. నాయనమ్మ నుంచి మాలకు మిగిలిన తెలుగు ఓ నాలుగు మాటలు: దా, తిను, చాలా, పో.

కిరణ్మయి మూడు తిన్నది. ఆ కాసేపూ పంది కొవ్వు సంగతి గుర్తు రాలేదు. గుర్తు రాలేదని తెలిశాక సిగ్గేసింది. మాల డబ్బాలో అడుగు కనబడుతుంటే ఇంకా సిగ్గేసి, మీరేం తింటారు ఆంటీ అని అడిగింది. జాడీలో ఇంకా ఉన్నాయి, మళ్లీ వేయించుకుంటానంది మాల.

అప్పుడు మొక్కు సంగతి చెప్పింది కిరణ్మయి, అంత త్వరగా ఎవరికీ చెప్పని మనిషి. గురువారం మళ్లీ స్కాన్ ఉందనీ చెప్పింది. మాల ఆశ్చర్యపోలేదు, ఓదార్చనూ లేదు. తొంభైలో ఫిజీ వదిలి వచ్చిన కొత్తలో, భర్త రామ్‌లాల్‌కు బస్సు డ్రైవరు ఉద్యోగం దొరికేదాకా, తాను కోళ్ల ఫ్యాక్టరీలో పని చేశానంది. పుర్తాసి నెలంతా రోజుకు కొన్ని వందల కోళ్లు కోసి సర్దేదట. ఇంటికెళ్లి తలంటుకుని బెండకాయ వండుకునేదట. ఇక్కడా అంతే, పదకొండేళ్లుగా ఆ కొవ్వు కలిపేది తన చేతులే.

"చేతులకు గ్లవుజులు, నోటికి నియమం" అంది. "నువ్వు గింజలడిగావు, కొవ్వు వేసింది నేను. తప్పంటూ ఉంటే నా నెత్తిన వెయ్యి."

ఆ మాటకు కిరణ్మయి నవ్వింది. నవ్వు ఆదివారం దాకా కూడా నిలవలేదు.

మంగళవారం లాస్యకు దగ్గు పట్టుకుంది. దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, దగ్గు తగ్గిపోతుంది అంది. అని, ఇంకాసేపు విని, గుండెలో ఆ చప్పుడు పోయినసారి కన్నా గట్టిగా వినిపిస్తోంది, ఎలాగూ గురువారం స్కాన్ ఉంది కదా, వాళ్లే చూస్తారు అంది.

గట్టిగా. ఆ మాట కిరణ్మయి వెంట ఇంటికొచ్చింది. వంటింట్లోకీ వచ్చింది. రాత్రి అన్నం ముందు కూర్చుని, పాప నిద్రపోయాక, బీన్స్ వల్లేనేమో అంది.

శ్రీకర్ ఆమెను నవ్వించాలనుకున్నాడు. "పంది కొవ్వు అమ్మ తింటే పిల్ల గుండెలో చప్పుడు ఎలా పెరుగుతుందో పేపర్ రాయి. కో-ఆథర్‌గా నా పేరు వేసుకో."

ఆమె నవ్వలేదు. నాకూ తెలుసు అంది, తెలిసినా ఆగట్లేదంది. చెయ్యగలిగింది ఆ ఒక్కటే కదా, అదీ సరిగ్గా చెయ్యలేకపోయానంది. కంచంలో అన్నం అలాగే ఉంది. శ్రీకర్ ఆ కంచాన్ని ఆమె వైపు కొంచెం జరిపాడు.

"నీది తప్పు కాదు కిరణ్. నాకు ముందే తెలుసు."

ఆమెకు అర్థం కాలేదు. అతను నిదానంగా చెప్పాడు. ఫిబ్రవరిలో ఓ శనివారం ఒక్కడే వెళ్లి పార్సిల్ తెచ్చినప్పుడు, బీన్స్ మీద చీజ్ వద్దు అంటే, చీజ్ లేకపోయినా లార్డ్ ఉంటుంది తెలుసా అని కౌంటర్లో అప్పటి కుర్రాడు చెప్పాడట. చెబుదామనే ఇంటికొచ్చాడట. ఆ రోజు ఆమె పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. పొట్లం విప్పి ఆబగా తింటుంటే నోరు పెగల్లేదు. ఆ తర్వాత వారం, ఆ పై వారం, ఇంక చెప్పడం కుదరనే లేదు.

"చెప్తే అదీ మానేస్తావు. వారానికి సరిగ్గా తినేది ఆ ఒక్కపూట" అన్నాడు. "నేను ఆ మొక్కును నమ్మను కూడా."

"నిన్ను నమ్మమనలేదుగా." కిరణ్మయి గొంతు పెరగలేదు. "మొక్కు నాది. తినేది నేను. నమ్మాలో వద్దో నేను తేల్చుకుంటాను. నీ పని నాతో నిజం చెప్పడం, అంతే."

కంచం తీసి సింకులో పెట్టి పాప గదిలోకి వెళ్లింది. ఆ రాత్రి ఊపిరి లెక్క ముప్పై దగ్గర రెండుసార్లు తప్పింది. బుధవారం ఇద్దరి మధ్యా పాలు, డైపర్లు, తాళాల గురించి తప్ప మాటల్లేవు.

గురువారం ఆసుపత్రిలో గది చీకటిగా ఉంది. లాస్య బల్ల మీద పడుకుని గోడ మీది కార్టూన్ చూస్తోంది. స్కాన్ చేసే అమ్మాయి తెర మీద ఎరుపూ నీలమూ మెరుపుల్ని కొలుస్తూ ఏమీ చెప్పదు, చెప్పకూడదు. కిరణ్మయి ఆ రంగుల్ని తనే చదవడానికి చూసింది. తెర మీద ఓ సన్నటి ఎర్రగీత గోడ దాటి అవతలికి చిమ్ముతోంది. అది పోయినసారి కన్నా పొడుగో కాదో తేల్చుకోలేకపోయింది. అప్పుడే శ్రీకర్ చెయ్యి ఆమె కుర్చీ వెనక ఆనింది. ఆమె వద్దనలేదు, వెనక్కి వాలనూ లేదు.

గంట తర్వాత డాక్టరు పిలిచాడు. తగ్గింది అన్నాడు. పుట్టినప్పుడు నాలుగు, పోయిన ఏడాది మూడు, ఇప్పుడు రెండుకు లోపే. గుండె సైజు మామూలుగా ఉంది. మందులక్కర్లేదు. పూర్తిగా పూడలేదు కాబట్టి ఏడాది తర్వాత మళ్లీ రమ్మన్నాడు.

మరి చప్పుడు పెరిగిందన్నారే అని అడిగింది కిరణ్మయి. రంధ్రం చిన్నదైతే రక్తం అందులోంచి ఇంకా వేగంగా చిమ్ముతుంది, అందుకే చప్పుడు ఎక్కువవుతుంది, ఒక్కోసారి అది మంచి గుర్తే అన్నాడాయన. తోటకు నీళ్లు పెట్టే గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెట్టి చూపించినట్టు చెయ్యి తిప్పాడు. కిరణ్మయికి ఇంటర్ ఫిజిక్స్‌లో ఆ సూత్రానికి పదికి పది వచ్చాయి. భయం వేసినప్పుడు చదివిన చదువే అందరికన్నా ముందు గదిలోంచి లేచిపోతుంది.

కార్లో వెనక సీట్లో పాప పక్కనే కూర్చుంది. కారు ఫ్రీవే ఎక్కింది. ఆమె మనసులో లెక్క వేసుకుంటోంది. మూడు నుంచి రెండుకు లోపల దాకా తగ్గింది ఈ ఏడాదిలోనే, సరిగ్గా బీన్స్ తిన్న ఏడాదిలో. కొవ్వు తిన్నా తగ్గిందంటే మొక్కుకూ రంధ్రానికీ సంబంధం లేనట్టు. లేకపోతే తెలియక తిన్నది వెంకన్న పట్టించుకోనట్టు. ఒక్క పిల్ల మీద, ఒక్క ఏడాది లెక్కతో ఈ రెంటిలో ఏది నిజమో తేల్చడం ఎవరి వల్లా కాదు. ల్యాబ్‌లో అయితే ఇలాంటి ఫలితం మీద సంతకం పెట్టదు.

"నవ్వాలనుంటే నవ్వు" అంది ముందు సీటు వైపు చూసి.

"నవ్వట్లేదు" అన్నాడు శ్రీకర్. నిజంగానే నవ్వట్లేదు, అద్దంలో కనబడుతోంది.

"పూడేదాకా అన్నాను. ఇంకా పూడలేదు. కాబట్టి శనివారాలు ఉన్నాయి."

"ఉండనీ" అన్నాడు. కొంచెం దూరం పోయాక, సారీ అన్నాడు. ఆమె సరే అనలేదు. కిటికీ అద్దం మీద లాస్య వేళ్లతో కొట్టే తాళం వింటూ కూర్చుంది.

శనివారం గాలి విపరీతంగా ఉంది. పూల్ నుంచి బయటికొచ్చేసరికి పాప జుట్టు ఆరిపోయింది. ఈసారి కొట్టు వైపు పోనివ్వాలా అని శ్రీకర్ అడిగితే, పోనివ్వమంది. లోపల కౌంటర్ మీద కొత్తగా ఓ కాగితం అంటించి ఉంది, రాషిక చేతిరాతలో: హమైకా టాకో, శనివారాలు మాత్రమే. మనవాళ్లు ఈ నెలంతా ఇలాగే అడుగుతారని మాల ఒప్పించిందట. చెత్తబుట్టలోకి పోయేదాన్ని అమ్మడమా అని ఓనరమ్మ రెండు రోజులు నసిగి, చివరికి సరే అందట.

కిరణ్మయి వరసలో నిలబడలేదు. పాపను ఎత్తుకుని మూల బల్ల దగ్గర కూర్చుంది.

"నువ్వెళ్లి అడుగు" అంది శ్రీకర్‌తో. "ఏం నూనె, ఏ మూకుడు, రొట్టె దేంతో చేస్తారు, పచ్చడిలో ఏం వేస్తారు. అన్నీ అడిగి వచ్చి చెప్పు."

అతను వెళ్లాడు. రాషికను అడిగాడు, ఆ పిల్లకు తెలియనివి కిటికీలోంచి తలపెట్టి మాలను అడిగాడు. వెనక నలుగురు ఆగారు. మాల ఏదో అంటే అతను చెవులు ఎర్రబడేలా నవ్వాడు. తిరిగొచ్చి ఆమె ఎదురుగా కూర్చుని, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. పొద్దుతిరుగుడు నూనె. మాల కోసం విడిగా ఉంచిన మూకుడు, అందులో మాంసం ఎప్పుడూ వెయ్యరు. రొట్టెలో మొక్కజొన్న పిండి, సున్నం నీళ్లు, ఉప్పు, ఒట్టి పెనం మీదే కాలుస్తారు. కానీ ఆ పెనం మీదే చికెన్ రొట్టెలు కూడా వేడి చేస్తారు, అందుకని ఇవాళ మనవి మూకుడులో వేడి చేయమన్నాను. పచ్చడిలో టొమాటో, ఎండుమిరప, వెల్లుల్లి.

పెనం సంగతి ఆమెకు తట్టలేదు. అతనికి తట్టింది.

"ఎన్ని చెప్పావు?"

"ఆరు. నాకు మూడు."

"నీకు చికెన్ కదా."

"ఇవాళ శనివారం" అన్నాడు శ్రీకర్.

పళ్లెం వచ్చింది. కిరణ్మయి పాపను అతని ఒళ్లోకి మార్చి, నిమ్మకాయ పిండుకుని, మళ్లీ ఎవరినీ ఏమీ అడగకుండా తినడం మొదలుపెట్టింది.